హాంబర్గ్ ట్రిబ్యునల్ ‘ఓడ విడుదల’ సేవ: తలుపు ఇరుకు, గడియారం కచ్చితం

పరాయి దేశం పట్టుకుని రేవులో కట్టేసిన ఓడను నెల రోజుల్లో విడిపించే అంతర్జాతీయ సేవ అంటూ వాడుకలో ఉన్నది ఒక్కటే. జర్మనీలో ఎల్బే నది ఒడ్డున, హాంబర్గ్‌లో కొలువైన అంతర్జాతీయ సముద్ర చట్ట ట్రిబ్యునల్ దాన్ని నడుపుతోంది. 1982 నాటి సముద్ర చట్ట ఒప్పందంలోని 292వ అధికరణ దీనికి ఆధారం. 1997 నుంచి 2022 దాకా పది ఓడల కేసులు వచ్చాయి. ఆరింటికి విడుదల ఉత్తర్వు దొరికింది. రెండు ఉత్త చేతులతో తిరిగి వెళ్లాయి. మరో రెండు తీర్పు దాకా రాకుండానే ముగిశాయి. పాతికేళ్లలో పదేనా అని పెదవి విరవడం తేలిక. ఆ పది ఫైళ్లూ తిరగేస్తే మాత్రం ఈ సేవ ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ మొరాయిస్తుందో బాగానే తెలుస్తుంది.

ఇది ఇప్పుడున్న రూపానికి రావడంలో ఒక తెలుగు న్యాయకోవిదుడి చెయ్యి ఉంది. కృష్ణా జిల్లాలో పుట్టిన పాటిబండ్ల చంద్రశేఖరరావు కేంద్ర న్యాయశాఖ కార్యదర్శిగా పనిచేశారు. 1996లో ట్రిబ్యునల్ తొలి న్యాయమూర్తుల్లో ఒకరిగా ఎన్నికయ్యారు, 1999 నుంచి 2002 దాకా అధ్యక్షుడిగా ఉన్నారు, 2017లో పదవి నుంచి దిగారు. పదింటిలో నాలుగు కేసులు ఆయన అధ్యక్షతలోనే వచ్చాయి. గడువులు మారిందీ, పూచీకత్తు ఎంత ఉండాలో కొలిచే పద్ధతి కుదిరిందీ ఆ మూడేళ్లలోనే. ఆయన వైఖరి మొదటి నుంచీ ఒకటే: లోపలికి వచ్చే అర్హత విషయంలో సడలింపు ఉండకూడదు, వచ్చినవాడికి ఆలస్యం ఉండకూడదు.

ముందు అర్హత సంగతి. తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల దాకా ఉండే ప్రత్యేక ఆర్థిక మండలంలో చేపల వేట నిబంధనలు మీరిందని ఓడను పట్టుకుంటే, తగిన పూచీకత్తు కట్టించుకుని ఓడనూ సిబ్బందినీ త్వరగా వదలాలని 73వ అధికరణ చెబుతుంది. కాలుష్యం కేసుల్లో పట్టుబడ్డ ఓడలకు 226వ అధికరణలో ఇలాంటి ఏర్పాటే ఉంది. తీర దేశం ఈ మాట తప్పిందని ఆరోపణ ఉంటేనే 292 కింద దరఖాస్తు నిలుస్తుంది. కస్టమ్స్ ఎగవేత, మాదక ద్రవ్యాలు, అప్పు కోసం జప్తు, 12 మైళ్ల లోపలి ప్రాదేశిక జలాల్లో వేట ఇవేవీ దీని కిందికి రావు. సముద్రంలో గీత కనపడదు కాబట్టి, పట్టుకున్న చోటు అక్షాంశ రేఖాంశాలు కేసు మొత్తానికి ప్రాణం. చిన్న పడవల కేసుల్లో ఈ లెక్కే తరచూ తేలదు.

ఈ గీత ఎంత గట్టిగా గీయాలన్నదే మొదటి కేసులో గొడవ. సైగా అనే ట్యాంకర్ గినియా తీరానికి దూరంగా చేపల ఓడలకు డీజిల్ అమ్మింది. గినియా దాన్ని 1997 అక్టోబర్ 28న పట్టుకుంది. విచిత్రం ఏమిటంటే ట్రిబ్యునల్ తన నిబంధనావళిని ఆమోదించుకున్నదీ అదే రోజు. సిరా ఆరకముందే కేసు వచ్చిందన్నమాట. గినియా పెట్టింది కస్టమ్స్ నేరం. అయినా దాన్ని చేపల వేటకు ముడిపెట్టి చూడటానికి ఆస్కారం ఉందని 12 మంది న్యాయమూర్తులు విడుదలకు ఒప్పుకున్నారు. 9 మంది కాదన్నారు. ఆ తొమ్మిది మందిలో చంద్రశేఖరరావు ఒకరు. పార్క్, నెల్సన్, వూకాస్, ఎన్‌డియాయ్‌లతో కలిసి ఆయన ఉమ్మడి అసమ్మతి తీర్పు రాశారు. అప్పటికి ఓడిన పక్షమే, కానీ దరఖాస్తు తయారుచేసేవారు ఈనాటికీ ముందు చదవాల్సిన పాఠం అదే. ‘ఆస్కారం ఉంది’ అన్న మాట మీద ఓడను పందెం కాయడం తెలివైన పని కాదు.

రెండో అర్హత, అందరూ తేలిగ్గా తీసుకుని దెబ్బతినేది: దరఖాస్తు ఓడ యజమాని పెట్టలేడు. ఓడ ఏ దేశంలో రిజిస్టర్ అయిందో ఆ దేశం పెట్టాలి, లేదా ఆ దేశం తరఫున అధికారం పొందిన మనిషి పెట్టాలి. ఆచరణలో యజమాని పెట్టుకున్న లాయర్లే జెండా దేశం, అంటే ఆ రిజిస్టర్ దేశం, ఇచ్చిన అధికారపత్రంతో వాదిస్తుంటారు. ఆ పత్రం ఇవ్వగల అధికారి ఎవరో, నోటీసు ఎవరికి పంపాలో ముందుగానే ట్రిబ్యునల్‌కు తెలియజేసి ఉంచుకునే వీలు నిబంధనావళి 110లో ఉంది. ఓడ పట్టుబడ్డాక విదేశాంగ శాఖలో ఏ గది తలుపు తట్టాలో వెతుక్కోవడం కంటే ఇది వెయ్యి రెట్లు నయం.

జెండా కాగితం విషయంలో గ్రాండ్ ప్రిన్స్ కేసు చూస్తే చాలు. హిందూ మహాసముద్రం దక్షిణాన తనకున్న కెర్గులెన్ దీవుల దగ్గర 2000 డిసెంబర్ 26న ఫ్రాన్స్ పట్టుకున్న ఈ ఓడకు బెలీజ్ ఇచ్చింది తాత్కాలిక నౌకాయాన పత్రం. అది డిసెంబర్ 29న కాలం చెల్లింది. పైగా ఈ ఓడను రిజిస్టర్ నుంచి తీసేస్తున్నామన్న మాట బెలీజ్ అధికారుల నుంచే జనవరిలో ఫ్రాన్స్‌కు అందింది. మార్చిలో అదే బెలీజ్ పేరుతో దరఖాస్తు వచ్చింది. దాఖలు చేసిన నాటికి బెలీజ్ జెండా దేశమేనని రుజువు కాలేదంటూ ట్రిబ్యునల్ 2001 ఏప్రిల్ 20న, 12–9 ఓట్లతో, తనకు విచారణాధికారం లేదని తేల్చింది. ఫ్రాన్స్ ఈ అభ్యంతరం గట్టిగా లేవనెత్తకపోయినా ట్రిబ్యునల్ తనంతట తానే చూసుకుంది. అధ్యక్షుడు చంద్రశేఖరరావు మెజారిటీ వైపే నిలిచారు. సైగాలో ఏ పట్టుదలో ఇక్కడా అదే. యజమానికి అన్యాయంగా తోచవచ్చు. కానీ చవక జెండాలను చొక్కా మార్చినట్టు మార్చే ఓడలకు అడిగిందే తడవుగా తలుపు తెరిస్తే, రేపు ఏ తీర దేశమూ ఈ ట్రిబ్యునల్ మాట వినదు.

ఇక దరఖాస్తు. నిబంధనావళి 111 అడిగేవి ఇవి: ఎప్పుడు, ఎక్కడ పట్టుకున్నారు; ఓడ, సిబ్బంది ఇప్పుడు ఎక్కడున్నారు; ఓడ పేరు, జెండా, రిజిస్టర్ అయిన రేవు, టన్నేజీ, సరుకు సామర్థ్యం, విలువ తేల్చడానికి పనికొచ్చే వివరాలు; యజమాని, నడిపే సంస్థ, సిబ్బంది సమాచారం; తీర దేశం అడిగిన పూచీకత్తు ఎంత, ఏ రూపంలో, ఏ షరతులతో, అందులో ఇప్పటికే కట్టింది ఏమైనా ఉందా. ఇంగ్లిష్ లేదా ఫ్రెంచ్‌లో ఉండాలి. మరో భాషలో ఉన్న కాగితాలకు ధ్రువీకరించిన అనువాదం జతచేయాలి. స్థానిక కోర్టు ఉత్తర్వులు స్పానిష్‌లోనో రష్యన్‌లోనో ఉంటే ఈ అనువాదాలకే రోజులు గడిచిపోతాయి కాబట్టి, ఓడ రేవు చేరిన నాడే ఆ పని మొదలుపెట్టాలి.

అందరికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది విలువ కాగితం మీద. ఓడ ఖరీదుకు రెండు పక్షాలూ చెప్పే అంకెలు ఎప్పుడూ ఆమడ దూరంలో ఉంటాయి. బీమా పత్రం ఒక అంకె చెబుతుంది, కొన్నప్పటి రసీదు మరొకటి, తీర దేశపు సర్వేయర్ ఇంకొకటి. స్వతంత్ర నిపుణుడి లెక్కను వలలు, ఇంధనం, చేపలు విడివిడిగా చూపిస్తూ ఇచ్చినవారి మాటకు బరువు ఎక్కువ.

ఓడ పట్టుబడిన పది రోజుల్లోగా ఏ కోర్టుకు వెళ్లాలో రెండు దేశాలూ ఒప్పుకోకపోతే ట్రిబ్యునల్‌కు రావచ్చు. స్థానిక కోర్టుల మెట్లన్నీ ఎక్కి దిగాల్సిన పనిలేదు. దరఖాస్తుకు ఆఖరి తేదీ కూడా లేదు. కమూకో అనే ఓడను ఫ్రాన్స్ తన క్రోజే దీవుల దగ్గర 1999 సెప్టెంబర్ 28న పట్టుకుంటే, పనామా దరఖాస్తు పెట్టింది 2000 జనవరి 17న. మూడున్నర నెలలు ఊరుకుని ఇప్పుడు ‘త్వరగా వదలండి’ అంటే ఎలా అని ఫ్రాన్స్ అడిగింది. త్వరగా వదలాల్సిన బాధ్యత పట్టుకున్న దేశానిదని ట్రిబ్యునల్ ఆ వాదనను పక్కన పెట్టింది.

ఆఖరి తేదీ లేదు కదా అని నిద్రపోతే మాత్రం తొమిమారు గతి పడుతుంది. రష్యా ఈ జపాన్ ఓడను 2006 శరదృతువు చివర పట్టుకుంది. జపాన్ వచ్చింది 2007 జూలై 6న. అప్పటికే స్థానిక కోర్టులు ఓడను రష్యా ప్రభుత్వపరం చేశాయి. విచారణ జరుగుతుండగానే రష్యా సుప్రీంకోర్టు కూడా దాన్ని ఖాయం చేసింది. ఇక విడిపించడానికి ఏమీ మిగల్లేదని ట్రిబ్యునల్ ఆగస్టు 6న ఫైలు మూసేసింది. అదే రోజు, అదే రెండు దేశాల మధ్య వచ్చిన హోషిన్‌మారు కేసులో జపాన్ గెలిచింది. ఆ ఓడ పట్టుబడ్డ రెండో నెలలోనే దరఖాస్తు పెట్టడం దానికి కలిసొచ్చింది. జప్తు కేసు స్థానిక కోర్టులో ఏ దశలో ఉందో వారం వారం కనుక్కోవాల్సింది ఇందుకే.

గడువుల దగ్గరికి వద్దాం, ఈ సేవకు ఉన్న ప్రత్యేకత అదే. మొదట్లో దరఖాస్తు అందిన పది రోజుల్లో విచారణ, విచారణ ముగిసిన పది రోజుల్లో తీర్పు. తీర దేశం తన జవాబును విచారణకు 24 గంటల ముందు ఇస్తే చాలు. సైగా, కమూకో, మోంతే కన్‌ఫుర్కో మూడూ ఇలాగే సరిగ్గా 21 రోజుల్లో తేలాయి. వినడానికి బాగుంది, చేయడానికి నరకం. 21 మంది న్యాయమూర్తుల్లో హాంబర్గ్‌లో కాపురం ఉండాల్సింది అధ్యక్షుడొక్కరే. మిగతావారు నానా దేశాల నుంచి రావాలి. ప్రతి కాగితానికీ రెండు భాషలు కావాలి. అవతలి పక్షం జవాబు ముందురోజు చేతికొస్తే లాయర్ రాత్రంతా చదవడం తప్ప చేసేది లేదు. చంద్రశేఖరరావు అధ్యక్షుడిగా ఉండగా, 2001 మార్చి 15న ఈ నిబంధనలు మారాయి. విచారణకు 15 రోజులు, తీర్పుకు 14 రోజులు, జవాబు విచారణకు 96 గంటల ముందే. వాదనకు ఒక్కో పక్షానికి ఒక రోజు. మొత్తం కలిపితే నెల. ఆ తర్వాత గ్రాండ్ ప్రిన్స్ 30 రోజుల్లో, జూనో ట్రేడర్ 30 రోజుల్లో, హోషిన్‌మారు 31 రోజుల్లో తేలాయి. వోల్గా మాత్రం క్రిస్మస్ ముందు 21 రోజుల్లోనే ముగిసింది. తొమ్మిది రోజులు పెంచి నాణ్యత కొనుక్కున్న సవరణ ఇది, మంచి బేరమే. నాలుగు రోజుల ముందు జవాబు అందడం వల్ల వాదనలో పస పెరిగింది.

పూచీకత్తు ఎంత? ఒప్పందం ‘సహేతుకమైన’ అని ఊరుకుంది. దానికి కొలబద్ద కమూకో తీర్పులో దొరికింది: ఆరోపించిన నేరం తీవ్రత, పడిన లేదా పడగల శిక్ష, ఓడ విలువ, స్వాధీనం చేసుకున్న సరుకు విలువ, తీర దేశం అడిగిన మొత్తమూ దాని రూపమూ. ఫ్రాన్స్ 2 కోట్ల ఫ్రాంకులు అడిగితే ట్రిబ్యునల్ 80 లక్షలు చాలంది. రీయూనియన్ దీవిలో కోర్టు నిఘా కింద ఆగిపోయిన కెప్టెన్‌నూ వదలమంది. 2000 డిసెంబర్‌లో మోంతే కన్‌ఫుర్కోకు ఫ్రాన్స్ అడిగిన 5.64 కోట్ల ఫ్రాంకులు 1.8 కోట్లకు దిగింది. అందులోనూ సగం, అంటే 90 లక్షలు, ఫ్రాన్స్ చేతిలో ఉన్న 158 టన్నుల చేపల విలువ కిందే జమ అయింది. కాబట్టి యజమాని కొత్తగా తేవాల్సిన గ్యారంటీ 90 లక్షలే. స్వాధీనమైన సరుకును పూచీకత్తులో కలిపి లెక్కించమని అడగడం మర్చిపోయేవారికి ఈ ఒక్క పేరా చూపిస్తే చాలు.

వోల్గా కేసులో ఆస్ట్రేలియా 33,32,500 ఆస్ట్రేలియన్ డాలర్లు అడిగింది. అందులో పది లక్షలు ఓడ మీద ఉపగ్రహ నిఘా పరికరం పెట్టుకుంటుందన్న హామీ కోసం. రేపటి ప్రవర్తనకు ఈనాటి పూచీకత్తు లేదని ట్రిబ్యునల్ ఆ భాగం కొట్టేసి, మొత్తాన్ని 19,20,000కు తెచ్చింది. ఈ తీర్పు వచ్చేసరికి అధ్యక్షుడు నెల్సన్. హోషిన్‌మారులో రష్యా అడిగిన 2.2 కోట్ల రూబుళ్లు కోటికి తగ్గాయి. ఇలా ఎప్పుడూ తగ్గడమే చూసి తీర దేశాలు గొణుక్కోవడంలో న్యాయం లేకపోలేదు. అంటార్కిటికా దగ్గరి చల్లని నీళ్లలో టూత్‌ఫిష్ దొంగవేట మీద వాటికి నిఘా ఖర్చు తడిసిమోపెడవుతుంది. దొరికిన ఓడ సగం ధరకు బయటపడితే దొంగకు అది వ్యాపార ఖర్చులాగే కనిపిస్తుంది. వోల్గాలో న్యాయమూర్తి ఆండర్సన్, ఆ కేసుకు మాత్రమే కూర్చున్న షియరర్ అసమ్మతి రాసింది ఈ దిశలోనే. ఈ సేవలో ఇంకా సరిపడని కీలు ఏదంటే ఇదే: కొలతలో నేరం తీవ్రత ఉంది, కానీ దానికి ఎంత బరువో ఎక్కడా రాసి లేదు. ఒక కేసు అంకె చూసి మరో కేసు అంకె ఊహించడం కుదరదు.

తీర్పు చేతికొచ్చాక పని అయిపోయిందనుకోవడం మరో పెద్ద పొరపాటు. సైగా తీర్పు 1997 డిసెంబర్ 4న వచ్చింది. దించుకున్న డీజిల్ గినియా దగ్గరే ఉండగా, దానికి తోడు 4 లక్షల అమెరికన్ డాలర్ల గ్యారంటీ ఇవ్వాలని ఉత్తర్వు. గ్యారంటీ వారం తిరగకుండానే వెళ్లింది. అందులోని షరతుల మాటలు మాకు సమ్మతం కావని గినియా మెలికపెట్టింది. ఓడ కదిలింది 1998 ఫిబ్రవరి 28న. 21 రోజుల్లో వచ్చిన తీర్పు అమలుకు దాదాపు మూడు నెలలు! ఆ తర్వాత అసలు కేసులో, 1999 జూలై 1న, గినియా 21,23,357 డాలర్లు వడ్డీతో చెల్లించాలని ట్రిబ్యునల్ చెప్పింది, అది వేరే ముచ్చట. ఇప్పుడైతే పక్షాలు ఒప్పుకుంటే పూచీకత్తును ట్రిబ్యునల్ రిజిస్ట్రార్ దగ్గరే జమచేసే వీలుంది, 2009లో దీనికి మార్గదర్శకాలు వచ్చాయి. బ్యాంకు ఎవరిది, గ్యారంటీ ఏ భాషలో, ఏ తీర్పు వచ్చినప్పుడు డబ్బు చెల్లుతుంది, గడువు ఎప్పుడు: ఈ నాలుగూ విచారణలోనే అడిగి తీర్పులో రాయించుకోవాలి. తీర్పులో ఖాళీ ఉంటే అవతలివాడు దాన్ని తనకు నచ్చినట్టు పూరిస్తాడు.

ఖర్చు మాట. ఒప్పందంలో చేరిన దేశాలకు కోర్టు ఫీజు లేదు. ట్రిబ్యునల్ పోషణ ఆ దేశాల చందాలతోనే నడుస్తుంది. ఎవరి లాయర్ ఖర్చు వారిదే. పేద దేశాలకు సాయంగా ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 2000లో చేసిన 55/7 తీర్మానం ద్వారా ఒక నిధి ఏర్పడింది. మధ్యవర్తిత్వ ట్రిబ్యునల్‌లో మధ్యవర్తుల ఫీజు, హాలు అద్దె కూడా పక్షాలే భరించాలి కాబట్టి, పోలిస్తే ఇది చవకే.

ఓడ కేసు 73, 226 అధికరణల కిందికి రాకపోతే మరో కిటికీ ఉంది: 290వ అధికరణ అయిదో పేరా కింద మధ్యంతర చర్యలు, అంటే అసలు వివాదం తేలేలోపు ఇచ్చే తాత్కాలిక ఉత్తర్వులు. దీనికి అసలు వివాదం మధ్యవర్తిత్వానికి వెళ్లి ఉండాలి, తొందర ఉందని చూపించాలి. నెదర్లాండ్స్ జెండాతో తిరిగే గ్రీన్‌పీస్ సంస్థ ఓడ ఆర్కిటిక్ సన్‌రైజ్‌ను రష్యా పట్టుకున్నప్పుడు నెదర్లాండ్స్ ఈ దారిలోనే వచ్చి, 2013 నవంబర్ 22న 36 లక్షల యూరోల గ్యారంటీ మీద విడుదల ఉత్తర్వు తెచ్చుకుంది. రష్యా విచారణకే రాలేదు. 2019 మే 25న, రష్యా పట్టుకున్న ఉక్రెయిన్ మూడు నౌకలు, 24 మంది నావికుల విషయంలోనూ ఉత్తర్వు వచ్చింది, నావికులు ఇల్లు చేరింది సెప్టెంబర్‌లో ఖైదీల మార్పిడిలో. ఈ దారి విశాలమే కానీ పేచీలు ఎక్కువ: సైనిక వ్యవహారమా కాదా, మధ్యవర్తులకు విచారణాధికారం ఉందా అన్న వాదనలకే సగం సమయం పోతుంది. చేపల కేసు అయి ఉండి ఈ దారి పట్టడం అనవసర శ్రమ.

నిబంధనావళిని ఒక్కో నిబంధన చొప్పున విప్పి చెప్పే వ్యాఖ్యాన గ్రంథం 2006లో చంద్రశేఖరరావు, అప్పటి రిజిస్ట్రార్ ఫిలిప్ గోతియే సంపాదకత్వంలో వచ్చింది. 110 నుంచి 114 దాకా ఉన్న పుటలు ఈ సేవకు వాడుక పుస్తకంలాంటివి. తర్వాతి సవరణలు అందులో ఉండవు కాబట్టి ట్రిబ్యునల్ వెబ్‌సైట్‌లోని తాజా నిబంధనావళిని పక్కన పెట్టుకుని చదవాలి.

ఇక ఏ పుస్తకమూ తీర్చలేని లోటు ఒకటుంది, పదో కేసులో బయటపడింది. హీరోయిక్ ఇడున్ అనే పెద్ద ట్యాంకర్‌ను ఈక్వటోరియల్ గినియా 2022 ఆగస్టులో ఆపింది. నవంబర్ 10న మార్షల్ దీవులు హాంబర్గ్‌లో దరఖాస్తు పెట్టాయి. ఆ వెంటనే ఓడను నైజీరియాకు తరలించేశారు. పట్టుకున్న దేశం చేతిలో ఓడ లేదు కాబట్టి వదలమని చెప్పడానికి ఎవరూ మిగల్లేదు, నవంబర్ 15న కేసు ఉపసంహరణ నమోదైంది. దరఖాస్తుతో పాటే ఓడను రేవు దాటించకుండా మధ్యంతర చర్య కోరడం ఇక ముందు వచ్చేవారు ఆలోచించాల్సిన మొదటి సంగతి.